గాభరా, ప్యానిక్ ఎటాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది చదివే సమయానికే గాభరా పట్టుకుని ఉంటే మిగతాదంతా వదిలేసి, "గాభరా మొదలైంది, ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న దగ్గరికి వెళ్లండి. ఛాతీలో నొప్పి మీకు ఇదే మొదటిసారి అయితే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

ప్యానిక్ ఎటాక్ అంటే ఏమిటి? మామూలు టెన్షన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

టెన్షన్‌కి సాధారణంగా ఓ కారణం కనిపిస్తుంది. రేపు ఇంటర్వ్యూ, అమ్మకు ఆపరేషన్, నెలాఖరుకు కట్టాల్సిన ఈఎంఐ. అది మెల్లగా పెరిగి గంటలు, రోజులు సాగుతుంది. ప్యానిక్ ఎటాక్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, చాలామందిలో అరగంట లోపు దిగిపోతుంది. ఆ తర్వాత ఒళ్లంతా పిండేసినట్టు నీరసం మాత్రం కొన్ని గంటలు ఉంటుంది.

గుండె దడ, చెమటలు, వణుకు, ఊపిరి చాలకపోవడం, గొంతు పట్టేసినట్టుండటం, ఛాతీ నొప్పి, కడుపులో తిప్పడం, తల తేలిపోవడం, వేడి ఆవిర్లు లేదా చలి, వేళ్లకీ పెదవుల చుట్టూ తిమ్మిర్లు, చుట్టూ ఉన్నదంతా కలలోలా అనిపించడం, పిచ్చెక్కుతుందేమోనన్న భయం, ప్రాణం పోతోందన్న భయం. ఈ 13 లక్షణాల్లో కనీసం నాలుగు ఒక్కసారే ముంచుకొస్తే వైద్యులు దాన్ని ప్యానిక్ ఎటాక్ అంటారు. డాక్టరు దగ్గర ఈ ఇంగ్లిష్ మాట వాడాల్సిన పనేం లేదు. "గాభరా అయితుంది", "బుగులు పుడుతుంది", "గుండె జారిపోతుంది" అని మీ నోటికి వచ్చినట్టే చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది.

ఒకటి రెండుసార్లు వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఏ కారణమూ లేకుండా మళ్లీ మళ్లీ వస్తూ, "మళ్లీ వస్తుందేమో" అన్న భయం నెల రోజులకు మించి వెంటాడుతుంటే, లేదా ఆ భయంతో బస్సెక్కడం, బజారుకెళ్లడం మానేస్తుంటే, అప్పుడు దాన్ని ప్యానిక్ డిజార్డర్ అంటారు. దానికి మంచి వైద్యం ఉంది.

ఇది గుండెపోటు కాదని ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి ప్రయత్నించకండి. చేయి తిరిగిన డాక్టరు కూడా పేషెంటును చూసి మాత్రమే ఈ రెండింటినీ విడదీయలేరు. ఈసీజీ కావాలి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కావాలి. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచుకుని మళ్లీ పరీక్షిస్తారు. ఉండమంటే ఉండండి.

మన ఇళ్లలో ఛాతీలో ఏమొచ్చినా పెట్టే పేరు ఒకటే: గ్యాస్. సోడా తాగి, గ్యాస్ మాత్ర వేసుకుని, కాసేపు పడుకుంటే తగ్గుతుందని చూస్తారు. ప్యానిక్ ఎటాక్ కూడా అరగంటలో దిగిపోతుంది గనక ఆ మాత్రే పనిచేసిందనుకుంటారు. ఆ నమ్మకంతోనే నిజంగా గుండెపోటు వచ్చిన రోజు కూడా సోడా తాగి పడుకుంటారు. ఈ అలవాటు ఇంట్లో ఎవరికున్నా దయచేసి మాన్పించండి.

నొప్పి ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు నొక్కుతూ ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతుంటే, మెట్లెక్కితే పెరిగి ఆగితే తగ్గుతుంటే, స్పృహ తప్పితే, ఆలస్యం వద్దు. 40 దాటినవాళ్లు, షుగరు, బీపీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు, వాంతితోనే గుండెపోటు రావచ్చు.

ఒకసారి పరీక్షలన్నీ చేసి, డాక్టరు గుండె బాగుందని చెప్పాక, అచ్చం అవే లక్షణాలతో మళ్లీ వస్తే ప్యానిక్ అని నమ్మి కింద చెప్పినట్టు చేయవచ్చు. కొత్త లక్షణం ఏదైనా తోడైతే మాత్రం మళ్లీ చూపించుకోవాలి.

గాభరా మొదలైంది, ఇప్పుడేం చేయాలి?

ఉన్నచోటే ఉండండి. కూర్చోవడానికి చోటుంటే కూర్చుని, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించండి. భుజాలు కిందికి వదిలేయండి. పళ్లు బిగించి ఉంటే వదులు చేయండి.

ముందు ఊపిరి బయటికి వదలండి. పీల్చడం తర్వాత. పెదవులు సున్నాలా చుట్టి, వేడి టీ మీద ఊదినట్టు మెల్లగా, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. తర్వాత నోరు మూసి ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. ఒక చేయి బొడ్డు మీద పెట్టుకుంటే ఆ చేయి లేవాలి, ఛాతీ లేవకూడదు. ఇలా ఒక్కో ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు. ఐదు నిమిషాలు చేయండి. నాలుగు, ఆరు కుదరకపోతే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి. వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువ ఉండాలన్నదే అసలు సంగతి.

పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చుకో, ఇంకా గట్టిగా" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ సరిగ్గా దానివల్లే పెరుగుతుంది. ఎందుకో కింది ప్రశ్నలో ఉంది. కాగితం సంచి మూతికి పెట్టుకుని ఊపిరి తీయడం పాత పద్ధతి, ఇప్పుడు వద్దంటున్నారు. ఒకవేళ అది ఆస్తమానో గుండెజబ్బో అయితే సంచి ప్రాణం మీదికి తెస్తుంది.

ఊపిరి మీద దృష్టి పెడితేనే గాభరా పెరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లు కళ్లు తెరిచి చుట్టూ చూడాలి. కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి: ఫ్యాను, క్యాలెండరు, చెప్పులు, నీళ్ల బిందె, కిటికీ. తాకగలిగినవి నాలుగు, వినబడేవి మూడు, వాసనలు రెండు, నోట్లో రుచి ఒకటి. మనసులో అనుకుంటే సరిపోదు, పెదవులు కదిలేలా చెప్పాలి.

ఇక అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇది. దాన్ని ఆపడానికి పెనుగులాడకండి. "ఆగు, ఆగు" అనుకున్నకొద్దీ శరీరం ప్రమాదం ఇంకా ఉందనే లెక్కగట్టుకుంటుంది. "ఇది గాభరా. ఇంతకుముందూ వచ్చింది, పోయింది. పది నిమిషాల్లో పైకెళ్లి దిగుతుంది. దిగనీ" అని ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఆ సమయంలో గుర్తు తెచ్చుకోవడం కష్టం, చదవడం తేలిక. తీసి చదవండి.

చేతులు తిమ్మిరెక్కి, వేళ్లు కొంకర్లు పోయాయి. ఫిట్సా?

చాలావరకు కాదు. ఫిట్స్ అనుకుని గుప్పిట్లో తాళంచెవులు పెట్టడం మన దగ్గర కనిపించేదే. ఇనుము వల్ల ఏమీ జరగదు. బిగిసిన వేళ్లను బలవంతంగా విప్పితే నొప్పి మాత్రం మిగులుతుంది.

అసలు జరిగేది ఇది. భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది. శరీరానికి కావలసిన దానికంటే ఎక్కువ గాలి లోపలికీ బయటికీ తిరుగుతుంది. ప్రాణవాయువు అప్పటికే నిండుగా ఉంటుంది కాబట్టి దాంతో కొత్తగా ఒరిగేది లేదు. కానీ బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గేసరికి రక్తంలో ఆమ్లం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరిగే కాల్షియం కొంత ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. నరాలకు అందే కాల్షియం తగ్గి అవి అతిగా స్పందిస్తాయి. మొదట పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టుంటుంది. ఇంకా సాగితే మణికట్టు లోపలికి వంగి, బొటనవేలు అరచేతిలోకి పోయి, మిగతా వేళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకున్నట్టు కొసలు కలుస్తాయి. అదే సమయంలో మెదడుకెళ్లే రక్తనాళాలు కొద్దిగా ముడుచుకుని తల తేలిపోతుంది, చూపు మసకబారుతుంది. ఊపిరి ఆడట్లేదనిపిస్తుంది, అందుకని ఇంకా పీలుస్తారు, అందువల్ల ఇంకా పెరుగుతుంది. మెల్లగా వదలమనేది ఈ చక్రం తెగడానికే. ఊపిరి నెమ్మదించిన కాసేపటికి వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి.

ఫిట్స్‌లో సాధారణంగా స్పృహ పోతుంది, నాలుక కొరుక్కోవచ్చు, బట్టల్లో మూత్రం పడవచ్చు, తర్వాత కాసేపు ఎక్కడున్నదీ తెలియదు. ప్యానిక్‌లో మనిషికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. తేడా తెలియకపోతే డాక్టరుకు చూపించండి.

ఇంకో భయం: "పడిపోతానేమో". ప్యానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది. స్పృహ తప్పాలంటే బీపీ పడిపోవాలి. అందుకే ప్యానిక్‌లో కళ్లు తిరిగినట్టనిపించినా నిజంగా పడిపోయేవాళ్లు అరుదు. రక్తం, సూది చూస్తే పడిపోయేవాళ్ల సంగతి వేరు, వాళ్లలో బీపీ నిజంగానే పడుతుంది.

ఇంట్లో ఒకరికి వస్తోంది. మేమేం చేయాలి?

చుట్టూ మూగకండి. ఒక్కరు మాత్రం ఎదురుగా, కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. చిన్న చిన్న మాటలు చాలు. "నేనిక్కడే ఉన్నా. నాతోపాటు వదులు. ఇంకోసారి." మీరు మెల్లగా ఊపిరి వదులుతుంటే వాళ్లూ మెల్లగా అందుకుంటారు. ముట్టుకునే ముందు అడగండి. నోట్లో నీళ్లు పోయకండి, పొలమారుతుంది. కావాలంటే చేతికివ్వండి.

"ఏం లేదు, ఊరికే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అనకండి. వాళ్ల గుండె నిజంగానే నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటుంటే ఏం లేదనడం వాళ్లను ఒంటరిని చేస్తుంది. "భయంగా ఉందని తెలుసు, కాసేపట్లో దిగుతుంది" అనండి.

కానీ తగ్గాక ఇంకో తప్పు జరుగుతుంది, ఇది ప్రేమ ఎక్కువై చేసేది. కూరగాయలు మీరే తెస్తారు, బ్యాంకు పని మీరే చూస్తారు, బయటికెళ్తే తోడు వెళ్తారు. ఆరు నెలలు గడిచేసరికి ఆ మనిషి గడప దాటలేని స్థితికి వస్తారు. తోడు వెళ్లండి, కానీ వారం వారం దూరం పెంచండి. మొదట పక్కనే, తర్వాత పది అడుగుల వెనక, తర్వాత ఫోన్లో, తర్వాత ఫోను కూడా లేకుండా.

పరీక్షలన్నీ నార్మల్. మరి నాకెందుకిలా? ఇంకేమైనా చేయించుకోవాలా?

మొదటిసారి చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తహీనత కోసం సీబీపీ, షుగరు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగరు పడిపోయినా, గుండె లయ తప్పినా ఇలాంటి దడే వస్తుంది. దడ ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు మొదలై అలాగే ఆగిపోతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అది లయకు సంబంధించిన జబ్బు కావచ్చు, 24 గంటలు గుండెను రికార్డు చేసే హోల్టర్ పరీక్ష రాస్తారు. ఆస్తమా ఇన్హేలరు, కొన్ని జలుబు మాత్రలు కూడా దడ తెస్తాయి, వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి.

ఇవి ఒకసారి సరిగ్గా జరిగి మామూలుగా ఉంటే అక్కడితో ఆపాలి. ఆరు నెలల్లో నాలుగు ఈసీజీలు, రెండు ఎకోలు, ఎండోస్కోపీ, తలకు ఎంఆర్ఐ ఉన్న ఫైలు పట్టుకుని తిరిగేవాళ్లకు ఒకటి చెప్పాలి. ప్రతి రిపోర్టు రెండు మూడు రోజుల ధైర్యం ఇస్తుంది, నాలుగో రోజు "వాళ్లు సరిగ్గా చూశారా?" అన్న అనుమానం మొదలవుతుంది. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకుని చూడటం, స్మార్ట్ వాచీలో గుండె వేగం చూసుకోవడం కూడా అంతే. రోజుకు ఎన్నిసార్లు చూస్తున్నారో ఒక వారం కాగితం మీద గీతలు పెట్టండి. తర్వాత వారం సగానికి తగ్గించండి. నీరసమని సెలైన్ ఎక్కించుకోవడం వల్ల ప్యానిక్‌కి ఉపయోగం లేదు.

మెట్రో ఎక్కలేకపోతున్నాను. ఫ్లైఓవరు మీద వెళ్లాలంటే భయం. మానేస్తే పోదా?

మానేస్తే ఆ రోజుకు పోతుంది, భయం మాత్రం ఇంట్లో కాపురం పెడుతుంది. గాభరా పైకెక్కుతున్నప్పుడు రైలు దిగేస్తే వెంటనే హాయిగా ఉంటుంది. మెదడు దాన్నుంచి నేర్చుకునేది ఒక్కటే: "దిగాను కాబట్టి బతికాను." దిగకుండా ఉన్నా అది తగ్గేదన్న విషయం దానికి ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ జబ్బుకు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చే మాటల వైద్యంలో) గుండెకాయ లాంటి భాగం, భయపడే చోటికే మెట్లు మెట్లుగా తిరిగి వెళ్లడం.

హైదరాబాద్‌లోని మియాపూర్‌లో ఉండి అమీర్‌పేటలో పనిచేసే మనిషి మెట్లు ఇలా ఉండొచ్చు. మొదట స్టేషన్ మెట్లెక్కి, టికెట్ కౌంటరు దగ్గర 20 నిమిషాలు ఊరికే నిలబడి రావడం. తర్వాత పొద్దున పదకొండు ప్రాంతంలో, రద్దీ లేనప్పుడు, ఒకరి తోడుతో జేఎన్‌టీయూ కాలేజీ దాకా ఒక్క స్టేషను. అదే ఒంటరిగా. తర్వాత ఒంటరిగా కూకట్‌పల్లి దాకా, మూడు స్టేషన్లు. తర్వాత అమీర్‌పేట దాకా, పది స్టేషన్లు. చివరికి ఉదయం తొమ్మిదికి, ఊపిరాడనంత జనంలో, అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలుకు మారడం. ఒక్కో మెట్టుకు ముందు భయానికి సున్నా నుంచి పదికి ఎంతో మార్కు వేసుకోండి. మూడు, నాలుగు మార్కులున్న మెట్టుతో మొదలుపెట్టండి. వారానికి నాలుగైదు రోజులైనా చేయాలి. ఒకే మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చేసి, అప్పుడు పైమెట్టుకు వెళ్లండి.

ఎక్కడ చెడిపోతుందంటే, భయం ఎనిమిదికి వెళ్లగానే భరత్‌నగర్‌లో దిగిపోతారు. అది వెనక్కి రెండు మెట్లు. దిగాల్సిందే అనిపిస్తే ఇంకొక్క స్టేషను ఆగి చూడండి, రెండు నిమిషాలే. మరికొందరు దిగరు గానీ తలుపు పక్కనే నిలబడతారు, చేతిలో నీళ్ల సీసా వదలరు, జేబులో మాత్ర తడుముకుంటూ ఉంటారు, అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంటారు. అప్పుడు ధైర్యం మీది కాదు, సీసాది. ఒక్కొక్కటే వదలాలి. పదిహేను రోజులకోసారి చేసేవాళ్లకూ, "ఈ రోజు మనసు బాగుంది" అన్నప్పుడే వెళ్లేవాళ్లకూ ఫలితం రాదు.

కారులో ఉండగా వస్తే, ముఖ్యంగా మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట, నడుమ ఆపకండి. ఎడమ వరుసలోకి వచ్చి, వేగం తగ్గించి, ఏసీ గాలి ముఖం మీదికి తిప్పుకుని, ముందున్న బండి నంబరు పైకి చదువుతూ దిగే దారి దాకా వెళ్లండి. బైకు మీద అయితే సురక్షితమైన చోటు చూసి పక్కకు ఆపండి.

చోట్లకు కాక ఒంట్లోని దడకే భయపడేవాళ్లుంటారు. వాళ్లతో థెరపిస్టులు ఆ దడను కావాలని పుట్టిస్తారు: ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తడం, తిరిగే కుర్చీలో ఒక నిమిషం తిరగడం, సన్న స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీయడం. దడ వస్తుంది, ఏమీ జరగదు, దిగిపోతుంది. ఇరవై సార్లు చూశాక మెదడు నమ్ముతుంది. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవి చేయకూడదు.

నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాను, గుండె దడ. పీడకల కూడా లేదు.

నిద్రలోనూ ప్యానిక్ ఎటాక్ వస్తుంది. కలలు రాని నిద్రలో వస్తుంది, అందుకే కల గుర్తుండదు. లేచి కూర్చుని, దీపం వేసి, ఊపిరి వదిలే పద్ధతే చేయండి. ఫోను చూడకండి. గురక ఎక్కువగా ఉండి, పగలు నిద్ర ముంచుకొస్తుంటే అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, కావచ్చు, దాని పరీక్ష వేరు. నైట్ షిఫ్టులు మారుతూ ఉండేవాళ్లలో నిద్ర కరువు గాభరాను పెంచుతుంది. షిఫ్టు ఏదైనా నిద్ర లేచే సమయం వారమంతా ఒక్కటిగా ఉంచుకోండి.

టీ, సిగరెట్, మందు మానాలా?

కెఫీన్ విషయంలో మాకు మొహమాటం లేదు, తగ్గించండి. గుండెను పరుగెత్తించే పదార్థమది, ప్యానిక్ ఉన్నవాళ్లలో ఎటాక్‌నే తెప్పించగలదు. ఆఫీసు దగ్గర పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఐదారు టీలు, మధ్యలో ఒక ఎనర్జీ డ్రింకు తాగే మనిషి, దడ ఎందుకొస్తోందని గుండె డాక్టరు చుట్టూ తిరిగితే లాభం ఉండదు. ఇరానీ చాయ్ డికాషన్ గంటలకొద్దీ దమ్ మీద ఉంటుంది గనక కప్పు చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వస్తాయి. రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించి, రోజుకు ఒకటి రెండు దగ్గర, మధ్యాహ్నం లోపు ఆపండి.

సిగరెట్ తాగితే హాయిగా అనిపించేది నికోటిన్ కోసం ఒళ్లు పడే తహతహ తీరడం వల్లే. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. మద్యం రాత్రి గాభరాను అణిచి, తెల్లారి రెట్టింపు చేసి ఇస్తుంది. గంజాయితోనే మొదటి ఎటాక్ వచ్చినవాళ్లున్నారు.

కల్లు మానేసిన రెండు రోజులకు వణుకు, గాభరా మొదలయ్యాయి. ఇదీ ప్యానికేనా?

దీన్ని వేరుగా చూడాలి, ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్‌లో, చుట్టుపక్కల జిల్లాల్లో అమ్మే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవాళ్ల మెదడు వాటికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, పొంతన లేని మాటలు, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు వందల్లో వచ్చారు.

ఊపిరి కసరత్తులతో ఇది తగ్గదు. ఆసుపత్రిలో చేర్చి, లెక్క ప్రకారం మందిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తారు. కల్లు సంగతి డాక్టరు దగ్గర దాచకండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజూ తాగుతుంటే వేరే జబ్బుకు ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ముందే చెప్పండి.

మందులు వాడితే జీవితాంతం వాడాలా? అలవాటైపోతాయా?

ఇందులో రెండు రకాలున్నాయి. జనం ఈ రెండింటినీ కలిపేసి, వాడాల్సినదానికి భయపడి, భయపడాల్సినదాన్ని వాడతారు.

మొదటి రకం ఎస్సిటలోప్రాం, సెర్ట్రలిన్ లాంటివి. ప్యానిక్‌కి అసలు వైద్యం ఇదే. మత్తుకు అలవాటుపడినట్టు వీటికి పడరు, డోసు పెంచుకుంటూ పోవాలన్న యావ పుట్టదు. తక్కువ డోసుతో మొదలుపెడతారు, ఎస్సిటలోప్రాం 5 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు, అలా. ఎందుకంటే మొదటి వారం పది రోజులు గాభరా కొంచెం పెరగవచ్చు, కడుపులో తిప్పవచ్చు, విరేచనాలు కావచ్చు. "ఈ మందు నాకు పడలేదు" అని ఎక్కువమంది వదిలేసేది సరిగ్గా ఈ పది రోజుల్లోనే. ఈ ఇబ్బందులు చాలావరకు తగ్గిపోతాయి. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, తర్వాత డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి తగ్గిస్తూ ఆపాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం జరుగుతాయి. లైంగిక కోరిక తగ్గడం కూడా వీటివల్ల ఉంటుంది. సిగ్గుపడి మందు మానేయకుండా ఆ సంగతి చెప్పండి, మార్చడానికి దారులున్నాయి. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి. గర్భం దాల్చినట్టు తెలిస్తే మీకై మీరు ఆపకండి, అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

రెండో రకం అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరజెపాం. అరగంట, గంటలో హాయినిస్తాయి. అందుకే ప్రమాదం. వారాల్లోనే ఒళ్లు అలవాటుపడుతుంది, అదే డోసు చాలదు, మానితే గాభరా ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలు, మొదటి రకం మందు పనిచేయడం మొదలయ్యేదాకా మాత్రమే డాక్టర్లు రాస్తారు. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం దుకాణం రిజిస్టరులో రాయాలి. పాత చీటీ చూపించి, లేదా తెలిసిన దుకాణమని అడిగి నెలల తరబడి వాడుతుంటే ఈ రోజే మానేయకండి, అలా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సాయంతో తగ్గించుకోండి. మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. వేసుకుని బండి నడపకండి.

హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మందులు రాసేది సైకియాట్రిస్టు, వారు ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివినవారు. మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేసేది క్లినికల్ సైకాలజిస్టు. వీరికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగడం తప్పు కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ ప్యానిక్‌కి చేసే థెరపీ తెలిసి ఉండదు. ఫోన్లోనే అడగండి: "భయపడే చోట్లకు మెట్లుగా వెళ్లడం మీరు చేయిస్తారా? ఎన్ని సెషన్లు పడుతుంది?" పది, పన్నెండు సెషన్లంటే మామూలు. ఇంటికి అభ్యాసం ఏదీ ఇవ్వకుండా నెలల తరబడి మాటలే సాగితే వేరేవాళ్లను చూడండి.

ప్రభుత్వ వైద్యం కావాలంటే ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్లండి, పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు పట్టుకెళ్లండి. ఈ ఊళ్లో "ఎర్రగడ్డకు పంపాలి" అని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మామూలైపోయింది. ఆ మాట విని పెరిగినవాళ్లు నిజంగా అవసరమైనప్పుడు ఆ గేటు లోపలికి వెళ్లడానికి ఏళ్లు ఆలస్యం చేస్తారు. అక్కడి ఓపీలో కూర్చునేవాళ్లలో మీలాగే నిద్ర పట్టనివాళ్లు, గాభరా పడేవాళ్లు ఎందరో ఉంటారు. చూపించుకుని మందు తీసుకుని అదే రోజు ఇంటికి వచ్చేస్తారు.

బయటికి వెళ్లలేని స్థితి అయితే టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే అర్ధరాత్రయినా ఆగొద్దు. ఆ నంబరుకు చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

దిష్టి, గాలి అంటున్నారు. దర్గాకు తీసుకెళ్తామంటున్నారు.

వెళ్లడం వల్ల మీకు నెమ్మది కలుగుతుంటే వెళ్లండి. తాయెత్తు కట్టుకున్నా మాత్ర వేసుకోవచ్చు, రెండింటికీ తగవు లేదు. కొట్టినా, పొగ పెట్టినా, పస్తులుంచినా, "ముందు మందులు మానెయ్" అన్నా అక్కడి నుంచి వచ్చేయండి.

ఆఫీసులో తెలుస్తుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆఫీసుకు ఇచ్చే సర్టిఫికెట్లో ఎంతవరకు రాయాలో డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. అదే చట్టం, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ ఫీజులు, థెరపీ వస్తాయో రావో మీ పాలసీ కాగితంలో చూసుకోండి.

తగ్గిన ఏడాదికి మళ్లీ వచ్చింది. మొదటికొచ్చినట్టేనా?

కాదు. నిద్ర చెడిన వారాల్లో, జ్వరం తగ్గాక, ఇంట్లో చావో పెళ్లో జరిగినప్పుడు ఒకటి రెండు ఎటాకులు తిరిగి రావడం మామూలే. ఆ రోజు ఏం చేశారన్నదాన్ని బట్టే తర్వాతి నెల ఉంటుంది. ఎటాక్ మెట్రోలో వచ్చిందా, మర్నాడే అదే మెట్రో ఎక్కండి. పది స్టేషన్లు కష్టమైతే మూడు, మూడు కష్టమైతే ఒకటి, కానీ ఎక్కడం మాత్రం మానకండి. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు నాలుగు, ఆరు ఊపిరి మళ్లీ మొదలుపెట్టండి. గాభరా లేని రోజుల్లో చేస్తేనే అది వచ్చిన రోజు చేతికందుతుంది. టీలు మళ్లీ ఐదయ్యాయేమో లెక్క చూడండి. రెండు వారాల్లో నాలుగైదుసార్లు వస్తే, లేదా మళ్లీ చోట్లు తప్పించుకోవడం మొదలైతే, పాత చీటీ తీసి మీరే మందు మొదలుపెట్టకుండా డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి.